పింఛను ఎందుకు ఆగిందో కాగితం మీద చెప్పాలి

పింఛను ఎంత వస్తుందో విజయవాడలో ఏ అరుగు మీద కూర్చున్న ముసలమ్మను అడిగినా ఠక్కున చెబుతుంది. 2024 జులై 1న 3,000 రూపాయలు 4,000 అయిందని, ఏప్రిల్ నుంచి రావాల్సిన పెంపుతో కలిపి ఆ రోజు 7,000 చేతిలో పెట్టారని, దివ్యాంగులకు 6,000 అని, మంచానికే పరిమితమైనవారికి 15,000 అని తడుముకోకుండా చెబుతుంది. అదే ముసలమ్మను, పింఛను రావాలంటే ఎన్ని షరతులు దాటాలో, అర్జీ తిరస్కరిస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలో, జవాబు ఏ రూపంలో రావాలో అడగండి. "సచివాలయంలో వాళ్లకు తెలియాలి నాయనా" అంటుంది, సచివాలయమంటే మా వార్డులోని ప్రభుత్వ కార్యాలయం. పథకం కింద ఇచ్చే మొత్తానికి ఫ్లెక్సీలున్నాయి, పేపర్లో పూర్తి పేజీ ప్రకటనలున్నాయి. షరతులకు మాత్రం అవేవీ లేవు. అవి ఉత్తర్వుల్లోనూ కంప్యూటర్లోనూ ఉంటాయి, అక్కడి నుంచి ఉద్యోగి నోటి మాటగా బయటికి వస్తాయి, వీధి చివరికి చేరేసరికి మరో రకంగా మారిపోతాయి.

నేను గవర్నర్‌పేటలో చిన్న వ్యాపారుల జమాఖర్చులు చూస్తుంటాను. కాగితాలతో పనిచేసే మనిషినని పేరు పడినందువల్ల, కృష్ణలంకలోని మా ఇంటికి సాయంత్రం పూట ఎవరో ఒకరు ప్లాస్టిక్ కవరు పట్టుకుని వస్తూనే ఉంటారు. అందులో ఆధార్ జిరాక్సులు, రైస్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం, మడతల దగ్గర చిరిగిపోయిన మీసేవ రసీదు ఉంటాయి. వచ్చినవారిలో చాలామందికి అర్హత ఉంటుంది, కావలసిన పత్రాలు కూడా దాదాపు అన్నీ ఉంటాయి. తమ అర్జీ ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో చెప్పే కాగితం ఒక్కటే ఎవరి కవరులోనూ ఉండదు.

మా వెనక వీధిలో అద్దెకుండే ఒక పిన్నిగారి సంగతి చెబుతాను. భర్త పోయి చాలా కాలమైంది. నాలుగిళ్లలో వంట చేసి బతికి, మోకాళ్లు అరిగిపోయాక ఆ పని మానేసి, వితంతు పింఛనుకు అర్జీ పెట్టుకుంది. వెళ్లినప్పుడల్లా ఒక్కో జవాబు వచ్చింది. సైట్ ఓపెన్ కాలేదన్నారు. మ్యాపింగ్ సరిగా లేదన్నారు. ఇంకోసారి, "ఆన్‌లైన్‌లో తీసుకోవడం లేదు మామ్మగారూ" అన్నారు. ఆమెతో కలిసి నేను వెళ్లి నెమ్మదిగా అడిగినప్పుడు, అక్కడి అమ్మాయి ఎంతో మర్యాదగా కంప్యూటర్ తెరను మా వైపు తిప్పి చూపించింది. ఆరు వరుసలున్నాయి. ఐదింటికి ఎదురుగా అర్హురాలని, కరెంటు వరుసకు ఎదురుగా అనర్హురాలని ఇంగ్లీషులో ఉంది. ఒక బల్బు, ఒక ఫ్యాను తప్ప ఏమీ లేని గదిలో ఉండే మనిషి నెలకు 300 యూనిట్లకు పైగా కాలుస్తున్నట్టు లెక్క తేలింది.

తీగ లాగితే విషయం బయటపడింది. మీటర్లకు ఆధార్ నంబర్లు జతచేసే రోజుల్లో ఇంటికి మనుషులు వచ్చినప్పుడు యజమాని ఊళ్లో లేడు, ఇంట్లో ఉన్నది పిన్నిగారు. అడిగారు కదా అని ఆధార్ కార్డు తెచ్చి ఇచ్చింది. పై అంతస్తులో ఏసీలు నడిచే మీటరు ఆ విధంగా ఆమె పేరుకు అంటుకుంది. విద్యుత్ సెక్షన్ ఆఫీసులో అర్జీ ఇచ్చి ఆ నంబరు తీయించాలి, తరువాత సచివాలయంలో మళ్లీ పరిశీలనకు పెట్టించాలి. పరిష్కారం ఉంది, అది పెద్ద కష్టమైనదేమీ కాదు. అయితే ఆ దారి ఉందని ఆమెకు చెప్పవలసిన బాధ్యత ఎవరిదీ కాకుండా పోయింది. "నీ మీద 300 యూనిట్లు పైన పడ్డాయి, ఫలానా ఆఫీసుకు వెళ్లి సరిచేయించుకో" అన్న రెండు వాక్యాలు తెలుగులో అచ్చయి మొదటి రోజే ఆమె చేతికి వచ్చి ఉంటే, ఎదురింటి అబ్బాయి చదివి చెప్పేవాడు, పని అక్కడితో తెమిలిపోయేది.

సచివాలయం ఉద్యోగులు సిక్స్ స్టెప్ వాలిడేషన్ అని పిలుచుకునే ఈ పరిశీలన రహస్యమేమీ కాదు. కుటుంబంలో ఎవరైనా ప్రభుత్వ ఉద్యోగో ప్రభుత్వ పింఛనుదారో ఉన్నారా, ఆదాయపు పన్ను కట్టేవారున్నారా, నాలుగు చక్రాల వాహనముందా, కరెంటు వాడకం నెలకు సగటున 300 యూనిట్లు దాటిందా, మాగాణి 3 ఎకరాలు లేదా మెట్ట 10 ఎకరాలు మించి ఉందా, పట్టణంలో 1,000 చదరపు అడుగులు మించిన కట్టడముందా అని చూస్తారు. వీటికి తోడు, నెలసరి కుటుంబ ఆదాయం పల్లెలో 10,000, పట్టణంలో 12,000 రూపాయల లోపు ఉండాలి. మినహాయింపులు కూడా ఉన్నాయి. పారిశుద్ధ్య కార్మికుల ఉద్యోగాన్ని అడ్డంకిగా చూడరు. టాక్సీ, ఆటో, ట్రాక్టరు ఉంటే కారున్నట్టు లెక్క కాదు. అయితే మినహాయింపు అనేది తెలిసినవాడికే ఉపయోగపడుతుంది. కొడుకు టాక్సీ నడుపుతున్నందుకు తల్లి పింఛను ఆగిందంటే, బండి రిజిస్ట్రేషన్ కాగితం చూపించి మాట్లాడవచ్చని ఆ తల్లికి తెలియాలి. కుటుంబం అంటే ఎవరెవరు అన్నదీ అంతే ముఖ్యం. పెళ్లయి వేరే కాపురం పెట్టిన కొడుకు ఇంకా తల్లి కుటుంబంలోనే నమోదై ఉంటే, అతని ఉద్యోగం ఆమె అర్జీకి అడ్డుపడుతుంది. దీన్నే మ్యాపింగ్ సమస్య అంటారు. విన్నవారిలో నూటికి తొంభై మందికి ఆ మాట వల్ల ఏమీ తెలియదు, తెలియలేదని చెప్పడానికి మొహమాటపడి తలూపి వచ్చేస్తారు.

కారణం చెప్పడం ఉద్యోగి దయాదాక్షిణ్యాలకు సంబంధించిన విషయం అని జనం అనుకుంటారు. చట్టం అలా అనలేదు. 2005 సమాచార హక్కు చట్టంలో 4వ సెక్షన్ ఉంది. ఆ చట్టం పేరెత్తగానే పది రూపాయల దరఖాస్తు ఒక్కటే గుర్తుకొస్తుంది గాని, అడగకుండానే ప్రభుత్వం తనంతట తానుగా ప్రకటించాల్సిన విషయాలన్నీ ఈ సెక్షన్లోనే ఉన్నాయి. సబ్సిడీ పథకాలను ఎలా అమలు చేస్తారో, ఎంత కేటాయించారో, లబ్ధిదారులెవరో ప్రచురించాలని అందులో ఒక ఖండం చెబుతుంది. పరిపాలనాపరమైన నిర్ణయానికి కారణాలను ఆ నిర్ణయం వల్ల ప్రభావితులైనవారికి తెలియజేయాలని మరో ఖండం, 4(1)(డి), చెబుతుంది. సమాచారాన్ని పంచేటప్పుడు స్థానిక భాషను, ఆ ప్రాంతంలో జనానికి బాగా చేరే పద్ధతిని దృష్టిలో పెట్టుకోవాలని 4(4) చెబుతుంది. ఇంతకంటే ముందే, 2001 నవంబరు 28న ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇస్తూ, వృద్ధాప్య పింఛనుతో సహా కొన్ని పథకాలను పేర్కొని, ఆ ఉత్తర్వును ప్రాంతీయ భాషల్లోకి మార్చి పంచాయతీ కార్యాలయాల్లో, ప్రభుత్వ బడుల్లో, రేషన్ షాపుల్లో అందరికీ కనబడేలా పెట్టాలని ఆదేశించింది. 1966 నుంచి తెలుగును అధికార భాషగా పెట్టుకున్న రాష్ట్రంలో, తిరస్కరణ కారణం ఇంగ్లీషు పొడి అక్షరాల్లో, అదీ ఉద్యోగి వైపు తిరిగి ఉన్న తెర మీద మాత్రమే ఉండడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇక్కడ సచివాలయాల సిబ్బందిని తప్పుపట్టాలని నాకు లేదు. 2019 అక్టోబరు 2న మొదలైన ఈ వ్యవస్థలో 15,004 గ్రామ, వార్డు సచివాలయాలున్నాయి. ఇంటికి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ప్రభుత్వ కార్యాలయం ఉండడం మామూలు విషయం కాదు. ఒకప్పుడు పాత మున్సిపల్ ఆఫీసు మెట్లెక్కి ఎవరిని అడగాలో తెలియక తిరిగినవారికి ఆ తేడా తెలుసు. ఆఫీసు దగ్గరికొచ్చినా సమాచారం మాత్రం మనుషుల్లోనే ఉండిపోయింది. అది ఎంత ప్రమాదమో 2024 ఏప్రిల్‌లో చూశాం. అంతకు ముందు దాదాపు ఐదేళ్లు, సుమారు 50 ఇళ్లకు ఒక వాలంటీరు ఉండేవారు. పింఛను తెచ్చేదీ, కొత్త పథకం చెప్పేదీ, ఏ కాగితం కావాలో అడిగేదీ ఆ ఒక్క మనిషే. ఎన్నికల వేళ పింఛన్ల పంపిణీకి వాలంటీర్లను దూరంగా ఉంచాలని ఎన్నికల సంఘం మార్చి నెలాఖరులో ఆదేశించింది. ఏప్రిల్‌లో వృద్ధులు ఎండలో సచివాలయాల ముందు బారులు తీరారు, మే నెలలో డబ్బు బ్యాంకు ఖాతాలకు వెళ్లడంతో మళ్లీ బ్యాంకుల ముందు నిలబడ్డారు. ఏ ఖాతాలో పడిందో చాలామందికి తెలియదు. వాలంటీరు ఉండాలా వద్దా అన్న రాజకీయ చర్చలోకి నేను వెళ్లను. ఆ మనిషి రాకపోయిన నెలలో ఇంట్లో గోడకు అంటించిన ఒక్క కాగితమైనా మిగలలేదన్నదే నా బాధ.

అదే ఏడాది సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం వైపు ఇళ్లు మునిగాయి. గ్రౌండ్ ఫ్లోరు ఇంటికి 25,000, పై అంతస్తుల్లో ఉన్నవారికి 10,000 రూపాయలు సాయం ప్రకటించి, ప్రభుత్వం కొద్ది వారాల్లోనే డబ్బు వేయడం మొదలుపెట్టింది. అంత పెద్ద నగరంలో అంత వేగంగా లెక్క తీయడం కష్టమైన పని, దాన్ని గౌరవించాలి. జాబితాలు సచివాలయాల్లో అంటించారు. అయితే జాబితాలో పేరు లేనివారికి, పేరుండి డబ్బు పడనివారికి ఏం చేయాలో అక్కడ రాసి లేదు. ఖాతాకు ఆధార్ లింకు లేదా, లెక్కకు వచ్చినప్పుడు తలుపు తాళం వేసి ఉందా, ఒకే ఇంట్లోని రెండు కాపురాలను ఒకటిగా రాశారా అన్నది తెలియక, మునిగిన ఇంటి బురద కడుక్కోవలసిన జనం అర్జీలు పట్టుకుని కలెక్టరేట్ చుట్టూ తిరిగారు. జాబితా పక్కనే మరో కాగితం అంటించి, పేరు లేకపోవడానికి ఉండగల కారణాలు, ఒక్కో కారణానికి వెళ్లవలసిన చోటు రాసి ఉంటే ఆ వరుసలో సగం తగ్గేదని నా నమ్మకం.

సమాచారం అసలే లేదని నేను అనను. 2025 జనవరి 30న మొదలైన మన మిత్ర వాట్సాప్ సేవ ఉంది. 95523 00009కు సందేశం పంపితే, మొదటి రోజే 161 సేవలు అందుబాటులో ఉన్నాయి, తరువాత ఇంకా పెరిగాయి. కేంద్రం 2022లో ప్రారంభించిన మైస్కీమ్ పోర్టల్లో వయసు, వృత్తి, ఆదాయం చెబితే వర్తించే పథకాలను చూపిస్తుంది. చదువుకున్న పిల్లలున్న ఇంటికి ఇవి నిజంగా ఉపయోగపడతాయి. చిక్కంతా వెతికే పద్ధతిలో ఉంది. ఆఫీసులు సమాచారాన్ని శాఖల వారీగా, పథకాల పేర్ల వారీగా పేరుస్తాయి. మనిషికి కష్టం శాఖల వారీగా రాదు. భర్త పోయాడు, చేయి విరిగింది, కిడ్నీ పాడైంది, కూతురు కాలేజీలో చేరింది అనే రూపంలో వస్తుంది. పథకాల పేర్లేమో ప్రభుత్వం మారినప్పుడల్లా మారుతుంటాయి. పింఛనుకు ఎన్టీఆర్ భరోసా అని, వైఎస్సార్ పింఛను కానుక అని, తిరిగి ఎన్టీఆర్ భరోసా అని పేర్లు వచ్చాయి. అమ్మ ఒడి పోయి తల్లికి వందనం వచ్చింది. పేర్లు పెట్టుకోవడం ప్రభుత్వాల ఇష్టం. కానీ పథకం పేరు తెలిస్తేనే సమాచారం దొరుకుతుందన్న ఏర్పాటులో, పేరు మారిన ప్రతిసారీ పేదవాడు మొదటి తరగతి నుంచి మళ్లీ చదువుకోవాలి.

అందుకే సమాచారాన్ని సందర్భం వారీగా పేర్చాలంటాను. ఒక్క సందర్భాన్నే తీసుకుని చూద్దాం. ఇంట్లో సంపాదించే మగమనిషి చనిపోయాడు. ఆ ఇల్లాలికి వితంతు పింఛను రావచ్చు. చనిపోయిన భర్త అప్పటికే పింఛనుదారుడైతే, మరుసటి నెల నుంచే భార్యకు పింఛను ఇచ్చే ఏర్పాటు 2024 నవంబరు నుంచి ఉంది. రైస్ కార్డులో పేరు తీయించాలి. బ్యాంకు ఖాతా సంగతి చూసుకోవాలి. వీటన్నిటికంటే ఎక్కువగా జారిపోయేది మరొకటుంది. పాసుపుస్తకంలో మే, జూన్ నెలల దగ్గర 436 రూపాయలు, 20 రూపాయలు తగ్గినట్టు ఇంగ్లీషు అక్షరాలతో చిన్న వరుసలు కనిపిస్తాయి. 436 రూపాయలది ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమా, 20 రూపాయలది సురక్షా బీమా. మొదటిది ఏ కారణంతో చనిపోయినా 2 లక్షలు, రెండోది ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు ఇస్తుంది. బ్యాంకులో ఎప్పుడో సంతకం పెట్టమంటే పెట్టిన భర్త ఇంట్లో చెప్పి ఉండడు. ఏటా కోత పడుతూనే ఉంటుంది. ఆయన పోయాక ఖాతా మూసేసి, ఉన్న వెయ్యో రెండువేలో తీసుకుని వచ్చేసిన ఆడవాళ్లను నేను చూశాను. వారి పాసుపుస్తకం తిరగేసి ఆ వరుస మీద వేలు పెట్టి చూపించినప్పుడు వారి ముఖాల్లో కనిపించిన ఆశ్చర్యం నాకు సంతోషం కలిగించదు, భయం కలిగిస్తుంది. నా గడప తొక్కనివారు ఎందరో కదా.

ఈ ఇల్లాలు తప్పనిసరిగా వెళ్లే చోటు ఒకటుంది. మరణ ధ్రువీకరణ పత్రం లేకుండా ఏ పనీ జరగదు. మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలని చట్టముంది కనుక, ఏదో ఒక రోజు ఆమెగానీ కొడుకుగానీ ఆ కౌంటరు దగ్గర నిలబడతారు. ఆ పత్రంతో పాటు, "ఇంటిమనిషి చనిపోతే మీకు రావలసినవి" అని ఒక్క పేజీ తెలుగు కాగితం చేతిలో పెట్టడానికి కొత్త శాఖ అక్కర్లేదు, కొత్త యాప్ అక్కర్లేదు. సదరం శిబిరంలో వైకల్య ధ్రువపత్రం ఇచ్చేచోట దివ్యాంగుల కాగితం, గుంటూరు జీజీహెచ్‌లోనూ విజయవాడ పాత ఆసుపత్రిలోనూ డయాలసిస్ గది బయట కిడ్నీ రోగుల కాగితం, బడిలో తల్లుల సమావేశం రోజున తల్లికి వందనం కాగితం, రేషన్ డిపో గోడ మీద వీటన్నిటి సంక్షిప్త పట్టిక ఉండాలి. మనుషులు సమాచారం కోసం వెతుక్కుంటూ తిరగడం కన్నా, వారు ఎలాగూ వచ్చే చోట సమాచారం ఉండడం మేలు.

ఆ పేజీలో ఏముండాలన్న దాని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. నాయకుల ఫోటోలకు చోటివ్వకూడదు, ఇస్తే అక్షరాలు చిన్నవవుతాయి. ఎవరికి వస్తుంది, ఎవరికి రాదు, మినహాయింపులేమిటి, ఏ పత్రాలు, ఎక్కడ, కాదంటే ఎవరికి అప్పీలు అన్నవి వంటింట్లో మాట్లాడుకునే తెలుగులో ఉండాలి. రెండు నెలలు ఊళ్లో లేక పింఛను తీసుకోకపోయినా మూడో నెలలో కలిపి తీసుకోవచ్చన్నటువంటి వెసులుబాట్లు పెద్ద అక్షరాల్లో ఉండాలి, ఎందుకంటే అది తెలియక కూతురింటి నుంచి జ్వరంతోనే పరుగెత్తుకొచ్చే ముసలివారున్నారు. పేజీ కింద అది ఏ తేదీ నాటి సమాచారమో తప్పకుండా వేయాలి.

తేదీ గురించి నొక్కి చెప్పడానికి కారణముంది. ఈ మాట ఎత్తినప్పుడల్లా ఉద్యోగులైన మిత్రులు, రూల్సు తరచూ మారతాయి, అచ్చువేస్తే పాతబడుతుంది, జనం పాత కాగితం పట్టుకొచ్చి మాతో పోట్లాడతారు అంటారు. వారి ఇబ్బంది నిజమే. అయితే నోటిమాట కూడా పాతబడుతుంది, పాతబడినట్టు దాని మీద ముద్ర ఉండదు. తేదీ ఉన్న కాగితమైతే, దీని తరువాత మారిందమ్మా అని చెప్పడానికి ఉద్యోగికే వీలుంటుంది. మరికొందరు, అన్నీ బయటపెడితే దొంగ అర్జీలు పెరుగుతాయంటారు. ఈ వాదన నాకు మింగుడుపడదు. నిబంధనల్లోని సందులు దళారులకు ఇప్పటికే కంఠతా వచ్చు, ఆ తెలివిడినే వారు అమ్ముకుంటున్నారు. తెలియనిది నిజాయితీగా వరుసలో నిలబడినవారికే. ఇక చదువురాని వారికి కాగితమెందుకన్న ప్రశ్నకు జవాబు సులువు. 2011 జనగణన నాటికి రాష్ట్రంలో నూటికి దాదాపు 67 మంది అక్షరాస్యులు, చదవగల మనిషి ప్రతి వీధిలో దొరుకుతాడు, కాని చదివించుకోవడానికి ముందు చేతిలో కాగితముండాలి. పొద్దున్నే వీధిలోకొచ్చే చెత్త బండి మైకులో రోజుకొక నిబంధన వినిపించవచ్చు కూడా.

కాగితం ఇస్తే ఏం జరుగుతుందో చూడలేదా అంటే చూశాం. 2025లో దివ్యాంగుల పింఛన్లను తిరిగి పరిశీలించి, వైకల్యం 40 శాతం కన్నా తక్కువని తేలినవారికి నోటీసులిచ్చారు. ఆ పరిశీలనలో ఎంత న్యాయముందన్నది వేరే సంగతి, ఎంతోమంది కంటనీరు పెట్టుకున్న మాట వాస్తవం. కాని నోటీసు చేతిలో ఉంది కనుక, కారణమేమిటో తెలిసింది కనుక, అప్పీలుకు దారి ఉంది కనుక, వారు గొంతెత్తగలిగారు. నోటిమాటతో వెనక్కు పంపిన పిన్నిగారి వంటివారికి ఆ అవకాశం కూడా లేదు. ఆమె అర్జీ తిరస్కరణకు గురైనట్టు ఆమె దగ్గర ఏ రుజువూ లేదు.

ప్రభుత్వం ఈ పద్ధతి పెట్టేదాకా, తెల్లకాగితం మీద అర్జీ రాసివ్వమని నా దగ్గరికి వచ్చేవారికి చెబుతున్నాను. "ఫలానా తేదీన నేను పెట్టుకున్న అర్జీని ఎందుకు ఆమోదించలేదో, సమాచార హక్కు చట్టం 4(1)(డి) ప్రకారం కారణాన్ని తెలుగులో రాతపూర్వకంగా తెలియజేయగలరు" అని రాస్తే చాలు. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకటి సచివాలయంలో ఇచ్చి, రెండో దాని మీద తేదీతో సంతకం, ముద్ర వేయించుకోవాలి. జవాబు రాకపోతే, సోమవారం కలెక్టరేట్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు ఆ ముద్ర ఉన్న ప్రతిని పట్టుకెళ్లి నమోదు చేయించాలి. అక్కడిచ్చే నంబరున్న రసీదును జిరాక్సు తీయించి, అసలుది ఇంట్లో దాచి, నకలును కవరులో పెట్టుకోవాలి.